ఒడ్డు ప్రభువుది, నీళ్లు గంగమ్మవి

యారాడ నుంచి మా గాజువాక వీధికి చేపలు తెచ్చే ఆడవాళ్లలో పోతమ్మకే నోరు ఎక్కువ. ఆమెతో బేరం అంటే తగువుకి దిగడమే. ధర తగ్గించమంటే "సముద్రాన్ని తగ్గమని మా ఇంటాయన సెప్పి రావాలేటి?" అనేది. గంప నెత్తికెత్తుకుని కోపంగా గేటు దాటేది. మనం పిలవకపోతే తనే వెనక్కి వచ్చి, "నీ మొకం సూసి ఇత్తన్నాను, ఎవులికీ సెప్పకు" అంటూ వరండాలో చతికిలబడేది. ఆ మాట వీధిలో ప్రతి ఇంట్లోనూ అంటుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నా పేరు శ్రీసత్య. మాది గోదావరి జిల్లా. మా ఆయనకి స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం రావడంతో ఇటు వచ్చి పడ్డాం. నేను ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో చరిత్ర చెప్పేదాన్ని. నా వంతు పాఠాల్లో ఒకటి యూదు, క్రైస్తవ, ఇస్లాం మతాల్లో దేవుడి గురించిన ఊహ ఎలా మారుతూ వచ్చిందన్నది. మా కుర్రాళ్లకి అందులో కావలసింది బిట్లు. ఏ శతాబ్దం, ఏ నగరం, ఎవరి తర్వాత ఎవరు. మనుషులు తరాల తరబడి దెబ్బలు తిని తెలుసుకున్న సంగతిని, నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టుకోవడానికి నూరిపోయడం నాకు ఒళ్లుమంట. జీతం అక్కడే వచ్చేది కాబట్టి నూరిపోస్తూనే ఉన్నాను.

పోతమ్మకి రాము ఒక్కడే కొడుకు. వాడికి ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. రాము పసివాడుగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి ఫిట్స్ పట్టుకున్నాయట. గంగమ్మకి కోడిని కోశారు, తాయెత్తు కట్టారు, పెద్దాసుపత్రిలో పడుకోబెట్టారు. ఆసుపత్రిలో పక్క మంచం ఆవిడ వాడి నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసిందట. మర్నాటి నుంచి ఫిట్స్ తగ్గాయి. డాక్టరు మందు పని చేసి ఉంటుందని నేనంటే పోతమ్మ నన్ను జాలిగా చూసింది. "మందు అంతకు ముందు కూడా ఏసినారు కదమ్మా" అంది. అప్పటి నుంచి ఆదివారం కొంగు నెత్తిన కప్పుకుని ప్రార్థన మందిరానికి పోయేది. కొడుకుని ఇచ్చినవాడికి కట్టుబడి ఉండాలన్నది ఆమె లెక్క.

అయితే ఆమె కట్టుబడటానికి ఒక గట్టు ఉంది. ఆ సంగతి తొంభైల మధ్యలో ఒక ఉదయం బయటపడింది. మా వరండాలో కత్తిపీట ముందేసుకుని, చేతికి బూడిద అద్దుకుని కానాగంత చేపలు శుభ్రం చేస్తోంది. వేళ్ల సందుల్లో పసుపు కనిపించి, ఇంట్లో శుభకార్యమా అని అడిగాను.

"శుభకార్యమేటి, బోటు ముక్కుకి రాసినాను. మా ఇంటాయన ఏటకి ఎల్లినాడు కదా."

"మరి నువ్వు మందిరానికి వెళ్తావు కదా పోతమ్మా? మీ పాస్టరు గారు ఒప్పుకుంటారా?"

చేపను పక్కన పెట్టి నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "ఒడ్డు మీద ఉన్నంతసేపు ప్రభువు సూసుకుంతాడమ్మా. జొరం వచ్చినా, తగువు వచ్చినా ఆయన్నే అడుగుతాను. బోటు నీళ్లలో దిగినాక అది గంగమ్మ తల్లి జాగా. అక్కడ ఈయనకేటి తెలుస్తాది? ఎప్పుడైనా వల లాగినాడేటి?"

నాకు నవ్వొచ్చింది. "ఆయన వెంట తిరిగినవాళ్లలో కొంతమంది చేపలు పట్టేవాళ్లే. ఆయన నీళ్ల మీద నడిచాడని మీ పాస్టరు గారు చెప్పలేదా?"

"సెప్పినారు. అది ఏ సముద్రం?"

"పేరుకి సముద్రం అంటారు గానీ, నిజానికి అది మంచినీళ్ల సరస్సు."

"అలగ సెప్పు! సెరువు!" పోతమ్మ ముఖం వెలిగిపోయింది. "సెరువు ఏరు, సముద్రం ఏరు. సెరువులో ఏట సేసినోలు మా యారాడ కెరటం దాటగలరేటి?"

గట్టు మీద కూర్చుని పాఠం చెప్పే నాకు దానికి ఎదురు చెప్పే అర్హత లేదు. పైగా ఆ రోజు క్లాసులో చెప్పవలసింది సరిగ్గా ఆ సంగతే. అందుకని చెప్పాను. ఆ దేవుణ్ణి మొదట కొలిచినవాళ్లు కూడా ఒకప్పుడు ఇలాగే అనుకున్నారు. ప్రతి జాతికీ ఒక దేవుడు, ప్రతి దేవుడికీ ఒక నేల. వేరే దేవుళ్లు లేరని వాళ్లు అనలేదు, మన దేవుడికి రోషం ఎక్కువ, మనం మరొకరికి మొక్కితే ఊరుకోడని మాత్రమే అన్నారు. పరాయి దేశం సేనాపతి ఒకడు ఆ నేలకి వచ్చి, చర్మరోగం నయం చేసుకుని, తిరిగి పోతూ ఆ దేశపు మట్టిని కంచర గాడిదల మీద మోయించుకుపోయాడట. తన ఊళ్లో ఆ మట్టి పరుచుకుని దాని మీద నిలబడితే తప్ప ఆ దేవుడికి మొక్కు అందదని అతని భయం.

పోతమ్మ కత్తిపీట మీద కాలు అలాగే ఉంచి విన్నది. "మరి నాను సెప్తన్నది అదే కదా" అంది. ఆ రోజు రెండు చేపలు ఎక్కువేసింది. ఆ తర్వాత నుంచి వచ్చినప్పుడల్లా "మీ దేవుడి పాఠం ఎందాకా వచ్చినాది?" అని అడిగేది.

రాము సముద్రం మీదకి రాకూడదని వాళ్ల నాన్న పైడయ్య పట్టుబట్టాడు. పదో తరగతి తప్పగానే ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షాపులో పెట్టాడు. అక్కడే వాడికి మందిరం కుర్రాళ్లు జత కలిశారు. తల్లి మొక్కు తీర్చుకోవడానికి వెళ్తే వీడు ప్రాణం పెట్టి వెళ్లాడు. తాగడు, చుట్ట ముట్టడు, అబద్ధం ఆడడు. ఒకసారి తల్లి గంప మోసుకుంటూ మా ఇంటికి వచ్చాడు. సన్నగా, నల్లగా, వెల్డింగ్ మెరుపులకి కళ్లు ఎర్రబడి ఉన్నాడు. నేను చేప తాజాదేనా అని అడిగితే "నిన్నటిదండి" అన్నాడు. పోతమ్మ వాడి వీపు మీద ఒక్కటి వేసింది. నేను ఆ చేపే కొన్నాను.

షాపు మూతపడ్డాక వాడు సముద్రానికే వచ్చాడు. ఇంకో దారి కనిపించలేదు. వచ్చీరాగానే బోటు ముక్కు మీది పసుపు కడిగేశాడు. పైడయ్య కొట్టినంత పని చేశాడు. కుర్రాడు ఎదురు తిరగలేదు, కడగడం మానలేదు. తల్లి దగ్గర కూర్చుని మెల్లగా చెప్పాడట.

ఆ వారం పోతమ్మ గంప దించగానే అడిగింది. "సముద్రం కూడా ఆయనదే అంతన్నాడమ్మా గుంటడు. నిజమేనా?"

అది నమ్మకం సంగతి, నాకు తెలిసింది చరిత్ర అని చెప్పాను. చరిత్రే చెప్పమంది. చెప్పాను. ఆ దేవుణ్ణి మొదట కొలిచిన యూదుల నగరం కూలింది. దేవుడి ఇల్లు తగలబడింది. రాజు కళ్లు పీకి, జనాన్ని గొలుసులతో పరాయి దేశపు నదుల ఒడ్డుకి తోలుకుపోయారు. పాత లెక్క ప్రకారం అయితే వాళ్ల దేవుడు ఓడిపోయినట్టు, గెలిచినవాళ్ల దేవుడు పెద్దవాడైనట్టు. ఆ నది ఒడ్డున కూర్చుని కొందరు వేరే లెక్క కట్టారు. మన దేవుడు ఓడిపోలేదు, మనతో పాటు ఇక్కడికీ వచ్చాడు, ఈ నేలా ఆయనదే, మనల్ని కొట్టినవాడూ ఆయన చేతిలోవాడే, చుక్కలూ సముద్రమూ అన్నీ ఆయనవే, అసలు ఇంకో దేవుడే లేడు అన్నారు. ఒక్కడే దేవుడన్న మాట గెలిచినవాళ్లు గట్టిగా అన్నది కాదు, అన్నీ పోగొట్టుకున్నవాళ్లు అన్నది.

"అంటే హద్దు తీసీసినారు."

"తీసేశారు."

"మరి గంగమ్మ ఎక్కడికెల్తాది?"

నేను చదివిన చరిత్రల్లో హద్దు పోయిన దేవతలు ఎక్కడ ఉంటారో ఎవరూ రాయలేదు. ఆమె గంప సర్దుకుంది. లేచేటప్పుడు, "నాకు నమ్మకం కుదరనేదమ్మా. కానీ ఆడు అడిగినాడు. ఇంతవరకూ ఆడు నన్ను ఏదీ అడగనేదు" అంది.

కొడుకు కోసం పసుపు మానేసింది. వాడితో పాటు బాప్తిస్మం తీసుకుంది. పైడయ్య బోటు మీద గొడవ పెట్టుకోకుండా రాము ఇంకొకరి బోటులో వేటకి పోవడం మొదలుపెట్టాడు. మర్నాడు తెల్లవారి బోటు వెళ్తుందనగా పోతమ్మ పొద్దుపోయేదాకా చేతులు నలుపుకుంటూ కూర్చునేదట, పసుపు డబ్బా వైపు చూడకుండా.

రెండు వేల రెండులో వర్షాకాలం మొదట్లో ఆ బోటు తిరగబడింది. మిగిలినవాళ్లని పక్క బోటువాళ్లు లాగారు. రాము దొరకలేదు. వెతికారు. అప్పికొండ దాకా ఒడ్డంతా నడిచారు. చెప్పు ఒకటి దొరికింది, అది వాడిది కాదు.

శవం దొరకనివాళ్లకి ఆ పల్లెల్లో ఒక పద్ధతి ఉంది. గడ్డితో బొమ్మ చేసి, పోయినవాడి చొక్కా తొడిగి, ఒడ్డున కాల్చి బూడిద నీళ్లలో కలుపుతారు. అలా చేయకపోతే వాడు ఆకలితో ఒడ్డు వెంబడి తిరుగుతుంటాడని, మిగిలిన బోట్లకీ మంచిది కాదని అంటారు. పైడయ్య గడ్డి తెచ్చాడు. పాస్టరు గారు వచ్చి, బొమ్మ చేయడం పాపం, రాము ఆత్మ ప్రభువు దగ్గర ఉంది, జ్ఞాపకార్థ కూడిక పెడదాం అన్నారు. ఊరివాళ్లు పోతమ్మను పట్టుకుని, నువ్వు పసుపు మానడం వల్లే గంగమ్మకి కోపం వచ్చిందన్నారు. మందిరంలో ఒకావిడ, నీ మనసులో ఇంకా గంగమ్మ ఉండబట్టే ప్రభువు పరీక్ష పెట్టాడంది. రెండు వైపులా కలిసి ఒప్పుకున్నది ఒక్కటే, తప్పు తల్లిది. నాకు ఆ రెండు వైపులవాళ్లనీ తీసుకెళ్లి అదే సముద్రంలో ముంచాలనిపించింది.

గంప లేకుండా పోతమ్మ మా ఇంటికి వచ్చింది ఆ ఒక్కసారే. వరండాలో కాక లోపలికి వచ్చి నేల మీద కూర్చుంది. హార్బరు పక్క కొండ మీద దర్గాకి కూడా పోయి వచ్చానని చెప్పింది. అక్కడి ముసలాయన మంచినీళ్లు ఇచ్చి, ఏమీ అడగకుండా పక్కన కూర్చున్నాడట.

"నాకు ఒక్కటి సెప్పు టీచరమ్మా. గంగమ్మ తీసుకెల్లిందంటే గంగమ్మని తిట్టుకుంతాను. ప్రభువు కాళ్లు పట్టుకుని, తెచ్చి ఇమ్మంతాను. హద్దు ఉన్నప్పుడు అలగే ఉండేది కదా, ఒకలు కొడితే ఒకల దగ్గరకి పోయేదాన్ని. ఇప్పుడు ఆయనొక్కడే అంతన్నారు. ఒక్కడే అయితే ముంచినోడు ఎవుడు?"

నేను క్లాసులో ఆ పాఠం ఎన్నోసార్లు చెప్పాను. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అది పరీక్షలో రాదు.

తెలిసింది చెప్పాను. దేవుడు ఒక్కడే అని మొదట అన్నవాళ్లకీ ఇదే చిక్కు వచ్చి పడింది. వాళ్లు ఆయనతో పోట్లాడారు. నేనేం చేశానో చెప్పు అని, ఊరి పెద్దల ముందు నిలదీసినట్టు నిలదీశారు, ఆ పోట్లాటే ప్రార్థన అనుకున్నారు. వాళ్లలోంచి వచ్చిన క్రైస్తవులు, దేవుడు పైన కూర్చుని చూస్తున్నవాడు కాదు, ఆయన కొడుకే మేకుల మధ్య చచ్చిపోయాడు, ఆ బాధ ఆయనకీ తెలుసు అన్నారు. ఆ తర్వాత అరబ్బు దేశంలో ఇస్లాం వచ్చింది. ఆయనకి కొడుకూ లేడు, జతా లేదు, బొమ్మా లేదు, ఆయన దయ మన లెక్కకి అందదు, మనిషి చేయగలిగింది లోబడటమే అన్నారు. అంత పెద్దవాడు అంత దూరంలో ఉన్నాడనుకోకండి, మీ మెడలో నరం కంటే దగ్గరగా ఉన్నాడన్నారు.

పోతమ్మ మెడ మీద చెయ్యి పెట్టుకుంది.

"అయితే ఆడు నీళ్లు మింగినప్పుడు పక్కనే ఉన్నాడన్నమాట."

చెయ్యి మెడ మీంచి తీయకుండానే మళ్లీ అంది.

"ఆళ్లకి ఊరు పోతే దేవుడు పెద్దోడైనాడు. గుడి పోతే ఇంకా పెద్దోడైనాడు. నువ్వే సెప్పినావు. మరి నాకు కొడుకు పోయినాడు కదమ్మా. నాకెందుకు సిన్నోడైపోనాడు?"

వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మూడు మతాల చరిత్రా చెప్పగలిగినదాన్ని, ఆమె వీపు నిమరడం తప్ప ఇంకేమీ చేయలేకపోయాను. వెళ్లేటప్పుడు, బొమ్మ కాల్చే రోజు నన్ను రమ్మంది. ఎటూ తేల్చుకోలేదని మాత్రం అర్థమైంది.

యారాడ ఒడ్డున ఆ ఉదయం ఎండ లేదు. గడ్డిబొమ్మ సిద్ధంగా ఉంది. మనిషంత పొడవు చేశారు. పైడయ్య రాము చొక్కా పట్టుకుని నిలబడ్డాడు. తొడగాలని చొక్కా చేతులు గడ్డికి ఎక్కించబోతే ఇమడలేదు. పోతమ్మ ముందుకు వెళ్లి ఆ చొక్కా మీద చెయ్యి వేసింది.

"వొద్దు మావా."

"ఒలే, ఆడు ఆకలితో తిరుగుతాడే. ఒగ్గీ."

"ఆడు వొద్దనీవోడు కదా. బతికున్నప్పుడు ఆడి మాట ఇన్నాను. సచ్చినాక తప్పితే ఆడు నన్నేటనుకుంతాడు?"

"ఆడి మాట ఇనే కదా ఇలగయ్యింది!" పైడయ్య అరిచి, అక్కడే ఇసకలో కూలబడ్డాడు. ఆమె చొక్కా లాక్కోలేదు. అతని వేళ్లు ఒక్కొక్కటే విడదీసి తీసుకుంది. మడిచి ఒళ్లో పెట్టుకుని ఎడంగా పోయి కూర్చుంది. వాళ్లు చొక్కా లేని బొమ్మనే కాల్చారు. ఎవరిదో తెలియని గడ్డిలా అది త్వరగా కాలిపోయింది.

ఆ తర్వాత పోతమ్మని ఊరు వెలేయలేదు. వెలేసి ఉంటే తిట్టుకోవడానికైనా ఉండేది. ఆమె ఎదురొస్తే బోటు దించడం ఆపి ఒడ్డున నిలబడేవాళ్లు. వల ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు. పైడయ్య అన్న ఇంటికి పోయి అక్కడే ఉండిపోయాడు. సొంత ఊళ్లో చేప దొరక్క, ఆమె ఫిషింగ్ హార్బరుకి పోయి వేలం పాటలో కొని తెచ్చుకునేది. మా వీధిలో కేక వేయడం మానేసింది. గేటు దగ్గర నిలబడేది, ఎవరైనా చూస్తే చూసినట్టు, లేకపోతే లేదు. చెప్పిన ధర ఇస్తే ఎంతిచ్చామో చూడకుండా కొంగున కట్టుకునేది. బేరం ఆడని పోతమ్మని చూడటం నాకు కష్టంగా ఉండేది. కావాలని తక్కువ చెప్పి రెచ్చగొట్టాను ఒకసారి. "ఇచ్చీ" అంది.

మందిరానికి మాత్రం మానలేదు. అదే నాకు మింగుడు పడలేదు. ఆదివారం పాట పాడదట, ప్రార్థనకి నోరు విప్పదట. సాక్ష్యం చెప్పమంటే తల అడ్డంగా ఊపుతుందట. కొంగు కప్పుకుని చివరి వరసలో కూర్చుని, అయిపోగానే లేచిపోతుందట. పాస్టరు గారు కూడా విసిగిపోయి ఊరుకున్నారని ఆమే చెప్పింది.

నాకు ఆగలేదు. రెండు వేల ఎనిమిదిలో అనుకుంటాను, వంజరం ముక్కలు కొడుతుంటే అడిగేశాను. "ముంచినవాడు ఆయనే అన్నావు. పక్కనే ఉండి చూశాడన్నావు. ఇంకా ఎందుకు పోతమ్మా ఆ గడప తొక్కడం? నాకైతే కోపం చచ్చేటంత ఉంది."

"నాకు నేదేటి?" అంది తల ఎత్తకుండా. "ఆయనకీ నాకూ మాటల్నేవు. ఆరేళ్లయ్యింది. ఆయనేటీ సెప్పడు, నానేటీ అడగను."

"మరి?"

ముక్కలు కడిగి గిన్నెలోకి తోసింది. చీర కుచ్చెళ్లకి చేతులు తుడుచుకుంది. ఆమె కళ్లలో తడి లేదు, అదే నన్ను భయపెట్టింది.

"మీ గోదారోలు పిల్లనిచ్చినాక ఏటి సేత్తారమ్మా? ఆ ఇంటోలు మంచోలు కాదని తెలిసినా, నోరు మూసుకుని పండక్కీ పబ్బానికీ పోయి గుమ్మంలో కూకుంతారా నేదా? తగువాడితే లోపల పిల్లని ఏటి సేత్తారో అనీసి బయం. నా కొడుకు ఆయనింట్లో ఉన్నాడు. గంగమ్మ దగ్గర నేడు, ఒడ్డు మీదా నేడు, ఆడు నమ్మినోడి దగ్గరే ఉన్నాడు. నాను ఆయన్ని ఒగ్గేత్తే ఆడు ఎక్కడున్నట్టు?"